ఒక చేత బిడ్డ, ఒక చేత అత్తగారు: మూడో చెయ్యి ఎవరిస్తారు?

అచ్యుతాపురం, రాంబిల్లి, మునగపాక, యలమంచిలి మండలాల నుంచి పనికి వెళ్లే అక్కచెల్లెళ్లకూ, వాళ్ల ఇళ్లలోని అన్నదమ్ములకూ మనవి

అక్కల్లారా, చెల్లెళ్లారా!

కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా ఈ కాగితం మీ చేతికి వచ్చి ఉంటుంది. ఇప్పుడు చదివే తీరిక లేకపోతే మడిచి బ్యాగులో పెట్టుకోండి. సీటు దొరికాక చదవండి. ఊరి నుంచి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) గేటు దాకా పట్టే ఆ కాసేపే రోజు మొత్తంలో మీ చేతులకు దొరికే విశ్రాంతి. ఆ కాసేపు కూడా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. పాప పాలు తాగిందా? మావగారికి షుగరు మాత్ర ఎవరైనా అందించారా? రాత్రంతా అత్తమ్మ దగ్గుతూనే ఉంది, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?

ఇవి మీ ఒక్క ఇంటి ప్రశ్నలు కావు. కుట్టు కంపెనీలో మిషను మీద కూర్చునే చెల్లి ఇదే ఆలోచిస్తోంది. మందుల కంపెనీలో ప్యాకింగు చేసే అమ్మాయి, సచివాలయంలో ఉద్యోగం చేసే అమ్మాయి, ఆర్టీసీ కండక్టరు, పూడిమడకలో తెల్లారకుండానే చేపల గంప ఎత్తే అక్క, ఎవరిని కదిపినా ఇదే మాట. ఒకరితో ఒకరం చెప్పుకోలేదు కాబట్టి ఎవరి కష్టం వాళ్ల తలరాత అనుకున్నాం. "ఏటి చేస్తాం, ఆడపుటక పుట్టాం" అని సరిపెట్టుకున్నాం.

మేం చెప్పదలచింది ఒక్కటే. పసివాళ్లను సాకడం, ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండడం పని. ప్రేమతో చేస్తాం, నిజమే. ప్రేమతో చేసినంత మాత్రాన నడుము నొప్పి పుట్టకుండా ఉండదు, రాత్రి నిద్ర తిరిగి రాదు, నాగా పెట్టిన రోజు జీతం కోసెయ్యకుండా ఉండరు. ఆ పని జరగబట్టే ఇల్లు నిలబడుతోంది, కంపెనీకి వేళకు మనిషి దొరుకుతోంది, ప్రభుత్వానికి ఆసుపత్రి ఖర్చు తగ్గుతోంది. లాభం అందరిదీ, బరువు మాత్రం ఒక్క ఆడమనిషిది. ఈ బరువును పంచాలి. మగవాడు తన వంతు, యజమాని తన వంతు, ప్రభుత్వం తన వంతు తీసుకోవాలి. అడగకుండా ఎవరూ తీసుకోరు. అందుకే వచ్చే నెల మొదటి సోమవారం అనకాపల్లి కలెక్టరేటుకు వెళ్దాం రండి.

సర్కారు వారి లెక్కే చూడండి

దేశంలో ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో కేంద్ర గణాంక శాఖ 2024లో సర్వే చేసింది. జీతం రాని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఈ 88 కూడా ఇంటి పనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు మాత్రమే. చీపురు ముట్టనివాళ్లు, కంచం తియ్యనివాళ్లు ఆ సగటులో లేరు. ఇంట్లో పిల్లలనూ పెద్దలనూ చూసుకునే పని విడిగా లెక్కగట్టారు. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 41 మంది ఆ పని చేస్తున్నారు, రోజుకు 140 నిమిషాలు. మగవాళ్లలో నూటికి 21 మంది, 74 నిమిషాలు.

గడియారానికి అందేది అంతే. టీకా తేదీ గుర్తు పెట్టుకోవడం, బీపీ మాత్రలు ఇంకెన్ని రోజులకు సరిపోతాయో చూసుకోవడం, మావగారి కళ్ల ఆపరేషనుకు ఎవరిని తోడు అడగాలా అని రాత్రి పడుకుని ఆలోచించడం, వీటిని ఏ సర్వే రాసుకుంటుంది? షిఫ్టు గంటలు, బస్సు ప్రయాణం వీటి మీద కలపండి. మిగిలింది నిద్ర. దాంట్లోంచే కోసుకుంటున్నాం.

ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా బిడ్డ ఎవరి దగ్గర?

ప్రసూతి సెలవు 26 వారాలు. 2017లో చట్టం సవరించి ఇచ్చారు, మంచిదే. కాన్పుకు ముందే కొన్ని వారాలు వాడేసుకుంటాం కాబట్టి తిరిగి డ్యూటీకి ఎక్కేనాటికి బిడ్డకు ఆరు నెలలైనా నిండవు. అంగన్‌వాడీలో రోజంతా కూర్చోబెట్టుకునేది మూడేళ్లు దాటిన పిల్లల్నే. ఆ లోపు వాళ్లకు ఇంటికి పౌష్టికాహారం ఇస్తారు, పగలు చూసుకోరు. మధ్యలో రెండున్నరేళ్లు. బోర్లపడి, పాకి, నడక నేర్చి, కనపడిందల్లా నోట్లో పెట్టుకునే ఆ రెండున్నరేళ్లూ బిడ్డ ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పలేదు.

ఉన్నది అమ్మమ్మ దగ్గర. లేదా నాయనమ్మ దగ్గర. మన ప్రాంతంలో ఇన్ని వేల మంది ఆడపిల్లలు కంపెనీల్లోకి రాగలిగారంటే ఆ ముసలమ్మల చలవే. వాళ్లకు జీతం లేదు, వారాంతపు సెలవు లేదు, మోకాళ్ల నొప్పులకు మందు కొనే తీరిక కూడా లేదు. ఒకప్పుడు పొలం పని చేసి, పిల్లల్ని పెంచి, ఇక కాస్త కూర్చుందామనుకునే వయసులో చంకలో మళ్లీ బిడ్డ. ఇది పేద ఇళ్ల సంగతే అనుకోకండి. అమెరికాలో కూతురి పురుడు పోయడానికి ఆరేసి నెలలు వెళ్లే అమ్మలూ ఇదే పని చేస్తున్నారు.

ఆ ముసలమ్మ పడిపోయిన రోజు ఏమవుతుంది? బాత్రూంలో జారి తుంటి విరిగితే, పక్షవాతం వస్తే, ఒక్క పూటలో ఇంట్లో సాకేవాళ్లు ఒకరు తగ్గి, సాకవలసినవాళ్లు ఒకరు పెరుగుతారు. అప్పుడు జరిగే రెండు సంగతులు మీరు చూసే ఉంటారు. తొమ్మిదో తరగతి చదివే పెద్ద పిల్లను బడి మాన్పిస్తారు. లేదా తల్లి ఉద్యోగం మానేస్తుంది. ఆమె సీటులో వారం తిరక్కుండానే కొత్త అమ్మాయి కూర్చుంటుంది. "పెళ్లయ్యాక మానేసింది", "పిల్లాడు పుట్టాక మానేసింది" అని తేలిగ్గా అనేస్తాం. ఆమె కోరి మానలేదు. దారి లేక మానింది. సీనియారిటీ పోయింది, చేతిలో తన డబ్బు పోయింది, నాలుగేళ్ల తర్వాత తిరిగి వస్తే కొత్తవాళ్ల జీతానికే చేరాలి.

దీనికి చట్టంలో మందు ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్ ఉండాలంది. 2017 సవరణ ప్రకారం 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న ప్రతి సంస్థ, అంటే ఫ్యాక్టరీలే కాదు, ఆఫీసులూ దుకాణాలూ సైతం, క్రెష్ ఏర్పాటు చెయ్యాలి. ఆ 50 మందీ ఆడవాళ్లే కానక్కరలేదు. రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలి. ఇవన్నీ ఉద్యోగంలో చేరిన రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి. మీ అపాయింట్‌మెంట్ కాగితాలు ఓసారి తీసి చూడండి. 2025 నవంబరు 21న పాత చట్టాల బదులు లేబర్ కోడ్‌లు వచ్చాయి. 50 మంది నిబంధన వాటిలోనూ ఉంది. నాలుగైదు కంపెనీలు కలిసి ఉమ్మడిగా ఒక క్రెష్ పెట్టుకోవచ్చని కూడా ఉంది. గేటు పక్కన గేటు ఉండే సెజ్‌లో ఇది చెయ్యలేమని ఏ యాజమాన్యమూ చెప్పడానికి వీల్లేదు.

ఒక మాట మనలో మనం అనుకోవాలి. గేటు దగ్గర క్రెష్ ఉంటే చాలదు. తెల్లవారుజామున షిఫ్టు బస్సులో చంటిబిడ్డను గుడ్డలో చుట్టుకుని, ముప్పై కిలోమీటర్లు కుదుపుల్లో తీసుకురావడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు. దగ్గరి ఊళ్లవాళ్లకు, చనుబాలు తాగే బిడ్డలున్నవాళ్లకు కంపెనీ క్రెష్ కావాలి. దూరపు ఊళ్లవాళ్లకు సొంత ఊళ్లోనే కావాలి. ఊళ్లో పెట్టడానికి కూడా పథకం ఉంది. పేరు ‘పాల్నా’. అంగన్‌వాడీని క్రెష్‌తో కలిపి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్ర ప్రభుత్వ పథకం. దేశం మొత్తంలో 17,000 కేంద్రాలు పెట్టాలని లక్ష్యం చెప్పారు. మన మండలాలకు వాటిలో ఎన్ని వచ్చాయి, ఏ ఊళ్లో నడుస్తున్నాయి, పొద్దున్న ఎన్నింటికి తలుపు తీస్తున్నారు? తొమ్మిదింటికి తలుపు తీసే క్రెష్ ఆరింటి షిఫ్టు తల్లికి ఎందుకు పనికొస్తుంది? కలెక్టరు గారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

అంగన్‌వాడీ టీచర్ల మీద ఇంకో బరువు పెట్టమని మాత్రం మేం అడగడం లేదు. వాళ్లూ మనలాంటి ఆడవాళ్లే. ఊరందరి పిల్లల్నీ సాకే వాళ్లకు జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. దాన్ని పెంచమని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం (ఎస్మా) ప్రయోగించారు. క్రెష్‌కు విడిగా మనుషుల్ని పెట్టి, విడిగా జీతం ఇవ్వాలి. మన పిల్లలు ఇంకో ఆడమనిషి నడుము విరిచి పెరగకూడదు.

మంచాన పడ్డ పెద్దవాళ్లు, మానేసిన కోడళ్లు

బిడ్డ విషయంలో కనీసం చట్టం కాగితం మీద అయినా ఉంది. పెద్దవాళ్ల విషయంలో అదీ లేదు.

బిడ్డ పుడితే 26 వారాలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని అయితే పిల్లల్ని చూసుకోవడానికి ఉద్యోగ కాలం మొత్తంలో 730 రోజుల సెలవు. తల్లికి పక్షవాతం వస్తే? అత్తగారికి క్యాన్సరు అని తేలితే? మావగారికి మతిమరుపు ముదిరి ఇల్లు దాటి వెళ్లిపోతుంటే? అందుకని విడిగా ఒక్క రోజు సెలవూ ఏ చట్టమూ ఇవ్వలేదు. మనకున్న నాలుగు క్యాజువల్ లీవులూ అయిపోయాక లాస్ ఆఫ్ పే. అదీ అయ్యాక సూపర్‌వైజరు చూపులు. ఆ తర్వాత రాజీనామా.

మంచాన ఉన్న మనిషిని చూడడం ఎంత పనో, చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. చెయ్యనివాళ్లకు చెబుతున్నాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. పడితే ఒక పట్టాన మానవు. గుటక పడుతోందో లేదో చూసుకుంటూ చెంచాతో తినిపించాలి. దుప్పట్లు మార్చాలి, ఉతకాలి, ఒళ్లు తుడవాలి. మనకన్నా బరువైన మనిషిని ఒంటరిగా ఎత్తాలి. రాత్రి రెండుసార్లు లేవాలి. తొమ్మిది గంటల షిఫ్టుకు వెళ్లిన మనిషి రెండు గంటలకోసారి ఎలా తిప్పుతుంది? ఈ ప్రశ్నకు జవాబు లేకే ఎందరో ఇంట్లో కూర్చున్నారు. సాయంత్రం వచ్చేసరికి పుండు పెద్దదైతే చుట్టాలు వచ్చి అడిగేది కోడల్నే. కొడుకును అడగరు.

ఇక్కడ చట్టం ఒక విచిత్రం చెబుతుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పెద్దవాళ్లను పోషించే బాధ్యత పిల్లలదంది. పిల్లలంటే ఎవరో కూడా రాసింది: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ వరుసలో లేదు. 2019లో కోడల్నీ అల్లుణ్ణీ చేర్చాలని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం బాధ్యత పెట్టింది కొడుకు మీద, కూతురి మీద. ఇంట్లో చేస్తున్నది కోడలు. ఇక కూతురు? పుట్టింట్లో తల్లి మంచాన ఉందని తెలిసినా, అత్తింట్లో వంట ఎవరు చేస్తారని రెండు రోజులు కూడా పంపరు. చుట్టపు చూపుగా వెళ్లి, తల్లి ఒళ్లు తుడిచి, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కుతుంది. తన తల్లిని చూసుకునే హక్కు ఆమెకు లేదు, అత్తగారిని చూసుకోకుండా ఉండే వీలూ లేదు. మేం ఊరూరా మాట్లాడినప్పుడు ఈ మాట దగ్గరే ఎక్కువమంది గొంతు పట్టేసింది. మాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి కూడా ఇదే.

కోడలు చేస్తుందని ప్రభుత్వానికి తెలియదని కాదు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో, ఆడ ఉద్యోగి కుటుంబం అంటే ఆమె మీద ఆధారపడ్డ అత్తమామలు కూడా వస్తారని రాశారు. వైద్యం దాకా గుర్తు పెట్టుకున్నందుకు సంతోషం. ఆ అత్తమామల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు సెలవు సంగతీ గుర్తు పెట్టుకోమంటున్నాం.

మన రాష్ట్రంలో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు, వృద్ధులకు 4,000 రూపాయలు ఎన్టీఆర్ భరోసా పింఛను వస్తోంది. ఇది చాలా ఇళ్లను నిలబెట్టింది, కాదనం. ఆ డబ్బు రోగి మందులకు, తిండికి, గుడ్డలకు సరిపోతుంది. ఉద్యోగం మానేసి రేయింబవళ్లు మంచం పక్కన ఉన్న మనిషికి ఏమీ రాదు. కేరళలో అలాంటి మనిషికి విడిగా సాయం ఇచ్చే పథకం ఉంది, ‘ఆశ్వాసకిరణం’ పేరుతో నెలకు 600 రూపాయలు. 600 ఏ మూలకు అని మీరు అడగవచ్చు. మొత్తం చిన్నదే. చూసుకునే మనిషి కూడా ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది, అది చిన్న విషయం కాదు. అదే కేరళ 2008లో పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సు ఇంటికే వచ్చి పుండ్లకు కట్టు మార్చి, ఇంట్లోవాళ్లకు ఎలా తిప్పాలో, ఎలా తినిపించాలో నేర్పి వెళ్లే ఏర్పాటు చేసింది. మన దగ్గర ఊరికో హెల్త్ క్లినిక్ ఉంది, ఏఎన్‌ఎం ఉంది, 104 బండి వస్తోంది. 2023లో ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలుపెట్టినప్పుడు, మంచాన ఉన్నవారి ఇంటికే డాక్టరు వస్తారన్నారు. ప్రభుత్వాలు మారినా మంచం మీది మనిషి మారలేదు. ఆ రాకపోకలు ప్రతి ఊళ్లో, చెప్పిన రోజున, తప్పకుండా జరగాలి.

అన్నా, తమ్ముడూ, ఈ పేరా మీకు

మీ అమ్మ ఒళ్లు మీరు తుడిస్తే తప్పు లేదు. చిన్నప్పుడు ఆమె మీకు అన్నీ చేసింది. నాన్నగారి డైపరు మార్చడం మీ చేతులకు తక్కువేమీ కాదు. "ఊరేమనుకుంటుంది" అని ఆగుతున్నారా? ఒక్కడు మొదలుపెడితే ఊరు నాలుగు రోజులు మాట్లాడుతుంది, అయిదో రోజు మానేస్తుంది. రాత్రి కాపలా మీరు తీసుకోండి. వారానికి రెండు రోజులు వంట మీరు చెయ్యండి. పిల్లాడి టీకాకు మీరు సెలవు పెట్టండి. మీ కంపెనీలో బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి సెలవు లేకపోతే అది మీ సమస్య కూడా, దాని కోసం మీరూ అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఉంది, ప్రైవేటు కంపెనీలో తండ్రికి ఒక్క రోజైనా ఇవ్వాలని చట్టంలో లేదు.

ఊరు వదిలి హైదరాబాదులోనో బెంగళూరులోనో దుబాయిలోనో ఉన్న కొడుకులు నెలనెలా డబ్బు పంపుతారు. పంపాలి. డబ్బు పంపినంత మాత్రాన వంతు తీరిపోదు. ఏడాదికి ఒక నెల వచ్చి తల్లి దగ్గర ఉండండి, ఆ నెల మీ వదినకు విశ్రాంతి ఇవ్వండి. తోబుట్టువులంతా ఒకచోట కూర్చుని, ఎవరు ఏ నెల, ఎవరు రాత్రి, ఎవరు డబ్బు, ఎవరు ఆసుపత్రి అని కాగితం మీద రాసుకోండి. ఆస్తి పంచుకునేటప్పుడు పెద్దమనుషుల్ని పిలిచి రాసుకుంటారు కదా, సేవ పంచుకునేటప్పుడూ రాసుకోండి.

పెద్దవాళ్లకు దణ్ణం పెట్టి ఒక మాట. ఈ కరపత్రం మీకు వ్యతిరేకం కాదు. మిమ్మల్ని ఎక్కడికో పంపెయ్యమని మేం అనడం లేదు. "మా కాలంలో మేం చెయ్యలేదా" అని మీరు అడుగుతారు. చేశారు. అప్పుడు ఇంట్లో తోడికోడళ్లు ఉన్నారు, పొలం ఇంటికి కూతవేటు దూరంలో ఉంది, సైరను మోగేసరికి గేటు లోపల ఉండాలనే రూలు లేదు. అయినా ఎంత కష్టపడ్డారో మీకే తెలుసు. మీ కోడలికి ఆ కష్టం తగ్గితే మీకూ మంచి సేవ అందుతుంది. కోడలికి చెప్పుకోలేని బాధ ఉంటే, మీకు మాట సాయం కావలసి వస్తే 14567కు ఫోను చెయ్యండి, వృద్ధుల కోసం ఉచితంగా నడుస్తున్న నంబరు అది.

పిల్లల్ని కనమంటున్నారు, పని గంటలు పెంచుతున్నారు

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి గారు, రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అన్నారు. 2025లో అదే ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచింది, ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులు తెరిచింది. తెలంగాణలోనూ అదే ఏడాది వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతి ఇచ్చారు. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి మీద పడతాయని వీళ్లెవరూ ఆలోచించినట్టు లేదు. బిడ్డను కని, 10 గంటలు పనిచేసి, బస్సులో రెండు గంటలు తిరిగి, ముసలివాళ్లను చూసుకోవాలంటే రోజుకు ఎన్ని గంటలు ఉండాలి?

రాత్రి షిఫ్టు గురించి ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మీ సమ్మతి లేకుండా వెయ్యకూడదు. ఇంట్లో చంటిబిడ్డ ఉందనో, మంచాన మనిషి ఉందనో మీరు వద్దంటే బలవంతం చేసే అధికారం సూపర్‌వైజరుకు లేదు. సంతకం పెట్టమని ఏ కాగితం ఇచ్చినా చదవకుండా పెట్టకండి. ఒక్కరుగా చెప్పడానికి భయమైతే లైనులో పదిమందీ కలిసి చెప్పండి.

అర్జీ ఇలా రాద్దాం

కింద ఉన్నది అర్జీ నమూనా. మీ చేతిరాతతో రాసుకోండి, మీ ఇంటి సంగతి రెండు వాక్యాలు కలపండి. ఒకే అర్జీ మీద వందమంది సంతకాలు పెడితే ఒక్క నంబరే పడుతుంది. వందమంది వంద అర్జీలు ఇస్తే వంద నంబర్లు పడతాయి, వందింటికీ జవాబు రాయాలి.

"కలెక్టరు గారికి. నేను ______ గ్రామం నుంచి ______ పనికి వెళ్తున్నాను. ఇంట్లో ______ ఏళ్ల బిడ్డ, ______ ఏళ్ల పెద్దవారు ఉన్నారు. వారిని పగలు చూసుకునేవారు లేరు. మా ఊరి అంగన్‌వాడీలో ఆరు నెలలు నిండిన పిల్లల్ని షిఫ్టు వేళలకు తగ్గట్టు చూసుకునే క్రెష్ తెరిచి, దానికి విడిగా సిబ్బందిని నియమించమని కోరుతున్నాను. 50 మందికి పైగా పనిచేస్తున్న సంస్థల్లో చట్ట ప్రకారం క్రెష్ ఉందో లేదో కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ చేత తనిఖీ చేయించి, ఆ నివేదిక మాకు కనపడేలా సచివాలయం గోడ మీద అంటించమని కోరుతున్నాను. మంచాన ఉన్నవారి ఇళ్లకు నర్సు వారానికి ఒకసారి, డాక్టరు నెలకు ఒకసారి వచ్చే ఏర్పాటు చెయ్యమని కోరుతున్నాను. వారిని చూసుకోవడానికి ఉద్యోగం మానిన వారికి సంరక్షణ భత్యం ఇవ్వాలని, ఉద్యోగంలో ఉన్న ఆడవారికీ మగవారికీ పెద్దల సంరక్షణ కోసం జీతంతో కూడిన సెలవు చట్టంలో పెట్టాలని ప్రభుత్వానికి నా తరఫున రాయమని కోరుతున్నాను."

చివరి రెండూ కలెక్టరు చేతిలో లేవని మాకూ తెలుసు. పైకి రాయడం ఆయన చేతిలో ఉంది. పైకి వెళ్లే ఫైలు మన దగ్గరే మొదలవ్వాలి.

ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. మనం వెళ్లేది వచ్చే నెల మొదటి సోమవారం, పొద్దున్న 10 గంటలకు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు నేరుగా రావచ్చు, రెండో షిఫ్టువాళ్లు అర్జీ ఇచ్చి డ్యూటీకి వెళ్లిపోవచ్చు. పొద్దుటి షిఫ్టులో ఉండి రాలేనివాళ్లు సంతకం చేసిన అర్జీని పక్కింటివాళ్ల చేత పంపండి. స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు చార్జీ లేదు, ఆధార్ కార్డు మరిచిపోకండి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు అడిగి తీసుకోండి, దాన్ని ఫోటో తీసి దాచుకోండి. జవాబు రాకపోతే ఆ నంబరుతోనే మళ్లీ వెళ్తాం.

పిల్లలతో వచ్చేవాళ్లు పిల్లలతోనే రండి, పాలడబ్బా, నీళ్ల సీసా తెచ్చుకోండి. మనం లోపల వరసలో ఉన్నంతసేపూ బయట చెట్టు కింద పిల్లల్ని ఎత్తుకుని ఉండడానికి మా అన్నదమ్ములు కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు. మీ ఇంట్లోంచి కూడా ఒకరిని వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
పనికి వెళ్లే ఆడవాళ్లం
అచ్యుతాపురం, రాంబిల్లి, మునగపాక, యలమంచిలి మండలాలు, అనకాపల్లి జిల్లా

(చదివాక పారెయ్యకండి. పక్క సీటులో ఉన్న అక్కకు ఇవ్వండి.)